బ్యాటరీ తప్పా? తీగ తప్పా?

తెల్లవారుజాము నాలుగు గంటలు. ఇంకా చీకటిగానే ఉంది. ఒక పాలాయన బండి మీద పట్నం బయలుదేరాడు. బండికి రెండు పక్కలా ఇనుప స్టాండు. ఆ స్టాండులో రెండు పాలక్యాన్లు. బండి పాతది. కిక్కు కొట్టి స్టార్టు చేసే 100 సి.సి. బండి.

ఊరి బయట ఒక మలుపు ఉంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ముసలాయన. గేదెను తోలుకుని పొలానికి పోతున్నాడు. పాలాయన హారను నొక్కాడు. హారను మోగలేదు. గొంతు పట్టేసినట్టు కీచుమని ఆగిపోయింది. పాలాయన గట్టిగా బ్రేకు వేశాడు. బండి జారి పడింది. క్యాను మూత ఊడింది. పాలన్నీ నేలపాలయ్యాయి.

ముసలాయనకు ఏమీ కాలేదు. పాలాయనకు మోచెయ్యి గీసుకుంది, అంతే. ఇంటికి వచ్చి భార్యకు జరిగింది చెప్పాడు.

"పాలు పోతే పోయాయి. ఆ పెద్దాయనకు తగిలి ఉంటే ఏమయ్యేది?" అంది ఆమె.

"అంతా ఆ బ్యాటరీ వల్లే. వేసి రెండు నెలలే అయింది. అప్పుడే చచ్చింది. ఈ ఏడాదిలో ఇది రెండోది. రేపు మూడోది కొనాలి" అన్నాడు పాలాయన.

"కొందాం, సరే. మొదటిది ఎందుకు పోయింది? రెండోది ఎందుకు పోయింది? అది తెలియకుండా మూడోది కొంటే అది మాత్రం నిలుస్తుందా? ఓటికుండలో ఎన్ని బిందెలు పోస్తే నిండుతుందయ్యా?"

ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పాల లెక్క ఆమే రాస్తుంది. ఆ లెక్కల నోటుబుక్కు పట్టుకుని తనూ బయలుదేరింది. ఇద్దరూ మండల కేంద్రంలో మెకానిక్ దగ్గరికి వెళ్లారు.

రోగం ఎక్కడ ఉంది?

"అన్నా, ఒక కొత్త బ్యాటరీ వెయ్యి" అన్నాడు పాలాయన.

మెకానిక్ నవ్వాడు. "ఉండు తమ్ముడూ. పిల్లవాడు నీరసంగా ఉన్నాడనుకో. రోగం వచ్చిందా, తిండి అందలేదా అని చూస్తాం కదా! బ్యాటరీ కూడా అంతే. అది చచ్చిందా? లేక దానికి తిండి అందక పడుకుందా? ముందు అది చూద్దాం."

"బ్యాటరీకి తిండి ఏమిటన్నా?" అని అడిగింది ఆమె.

"కరెంటే చెల్లెమ్మా. బండి నడిచేటప్పుడు ఇంజను కరెంటు తయారు చేస్తుంది. అది బ్యాటరీలోకి చేరాలి. దాన్నే ఛార్జింగు అంటాం. ఛార్జింగు లేకపోతే ఎంత కొత్త బ్యాటరీ అయినా కొన్ని రోజులకే ఖాళీ అయిపోతుంది."

బండిలో ఒక చెరువు

బండిలో కరెంటు ఎలా పారుతుందో తెలుసుకుందాం. మన ఊరి చెరువును తలచుకోండి.

చెరువుకు నీరు వాగు నుంచి వస్తుంది. చెరువు నిండాక ఎక్కువైన నీరు అలుగు మీదుగా పోతుంది. తూము తెరిస్తే నీరు పొలాలకు పారుతుంది.

బండిలో బ్యాటరీయే చెరువు. హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు పొలాలు. స్విచ్చులు తూములు.

మరి వాగు ఏది? ఇంజను ఎడమ పక్క మూత కింద ఒక చక్రం ఉంటుంది. దానిలో అయస్కాంతాలు ఉంటాయి. మెకానిక్కులు దాన్ని మ్యాగ్నెట్ అంటారు. దాని లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. వాటిని కాయిళ్లు అంటారు. ఇంజను తిరిగితే అయస్కాంతం కాయిళ్ల చుట్టూ తిరుగుతుంది. అప్పుడు కాయిల్లో కరెంటు పుడుతుంది. ఇదే మన వాగు.

అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయనది ఇంగ్లండు. తండ్రి కమ్మరి పని చేసేవాడు. ఫారడే బడికి వెళ్లింది కొద్దికాలమే. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి చేరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. అలా చదువుకున్న మనిషి కనిపెట్టిన సంగతే ఈ రోజు మన బండికి వెలుగు ఇస్తోంది.

కాయిల్లో పుట్టే కరెంటు ఒకే వైపు పారదు. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. దీన్ని ఏ.సి. కరెంటు అంటారు. బ్యాటరీకి అది పనికిరాదు. దానికి ఒకే వైపు పారే కరెంటు కావాలి. దాన్ని డి.సి. అంటారు. బావిలో మోటారుకు ఫుట్‌వాల్వు ఉంటుంది. అది నీటిని పైకి పోనిస్తుంది. వెనక్కు రానివ్వదు. బండిలో కూడా అలాంటిది ఒకటి ఉంది. దాని పేరు రెక్టిఫయర్.

ఇంజను వేగంగా తిరిగితే కరెంటు ఎక్కువ పుడుతుంది. అదంతా బ్యాటరీలోకి పోతే బ్యాటరీ ఉడికిపోతుంది. అందుకని ఎక్కువైనదాన్ని పక్కకు మళ్లించాలి. అంటే అలుగు కావాలి. ఆ పని చేసేది రెగ్యులేటర్. రెక్టిఫయర్, రెగ్యులేటర్ రెండూ కలిపి ఒకే పెట్టెలో ఉంటాయి. పైన గీతలు గీతలుగా ఉన్న చిన్న అల్యూమినియం పెట్టె అది. దాన్ని ఆర్.ఆర్. యూనిట్ అంటారు.

వాగు, ఫుట్‌వాల్వు, అలుగు, చెరువు. వీటిని కలిపే కాలువలే తీగలు. వీటిలో ఏది చెడినా చెరువు ఎండుతుంది. ఎండిన చెరువును చూసి చెరువునే తప్పు పడితే ఎలా?

ఇంజను నడుస్తోంది కదా!

"బ్యాటరీ చస్తే ఇంజను ఎలా నడుస్తోందన్నా? హెడ్‌లైటు కూడా బాగానే వెలుగుతోందే!" అన్నాడు పాలాయన.

అక్కడే చాలామంది మోసపోతారు. ఈ రకం పాత బండ్లలో ప్లగ్గుకు కరెంటు మ్యాగ్నెట్ దగ్గర ఉన్న వేరే కాయిల్ నుంచి వస్తుంది. చాలా బండ్లలో హెడ్‌లైటుకు కూడా నేరుగా అక్కడి నుంచే వస్తుంది. అందుకే ఎక్సలేటర్ పెంచితే హెడ్‌లైటు పెరుగుతుంది. తగ్గిస్తే మసకబారుతుంది. బ్యాటరీ లేకపోయినా ఈ రెండూ పనిచేస్తాయి.

పనిచేయనివి హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు. అంటే మన రాకను ఎదుటివాడికి చెప్పేవి. మనం ఆగుతున్నామని వెనకవాడికి చెప్పేవి. బండి నడుస్తోంది కదా అని ఊరుకుంటే రాత్రి పూట రోడ్డు మీద ప్రాణానికి ముప్పు.

పాయింట్లు, కాయిల్ ఉండే పాత బుల్లెట్ల సంగతి వేరు. వాటిలో ప్లగ్గుకు కరెంటు బ్యాటరీ నుంచే పోతుంది. బ్యాటరీ పడుకుంటే బండీ పడుకుంటుంది. కొత్త బండ్ల సంగతి కూడా వేరే. 2017 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. 2020 తర్వాత వచ్చిన చాలా బండ్లలో పెట్రోలు పంపడానికి కూడా కరెంటే కావాలి. ఈ పాఠం పాత కిక్కు బండ్ల గురించి.

ముందు కళ్లతో చూడండి

మెకానిక్ వెంటనే మీటరు తియ్యలేదు. ముందు పక్క మూత తీసి కళ్లతో చూశాడు. ఈ పని మీరూ చేయవచ్చు. పైసా ఖర్చు లేదు. తాళం తీసేసి, బండిని ఆరుబయట సెంటర్ స్టాండు వేసి చూడండి.

1. బ్యాటరీ కొనల మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము ఉందా? ఉంటే కరెంటు సరిగా పారదు. వేడినీళ్లలో తినే సోడా కలిపి, గుడ్డ తడిపి తుడవండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. తుడిచాక ఆరనిచ్చి, నట్లు బిగించి, కాస్త గ్రీజు రాయండి.

2. ఫ్యూజు బాగుందా? లోపలి తీగ తెగిందేమో చూడండి. తెగితే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఎన్ని ఆంపియర్లో దాని మీదే రాసి ఉంటుంది. చదవండి. ఫ్యూజు బదులు రాగి తీగ, సిగరెట్టు పెట్టెలోని కాగితం పెట్టకండి. తీగలు కాలి బండే అంటుకోవచ్చు.

3. బ్యాటరీలో నీళ్లు ఉన్నాయా? నీళ్లు పోసే బ్యాటరీ మీద రెండు గీతలు ఉంటాయి. నీళ్లు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోయకండి. వాటిలోని ఉప్పు పలకలను పాడుచేస్తుంది. మళ్లీ యాసిడ్ కూడా పోయకండి. సీలు వేసిన బ్యాటరీ అయితే మూత తెరవకండి.

4. ఎర్త్ తీగ గట్టిగా ఉందా? బ్యాటరీ మైనస్ నుంచి ఒక తీగ బండి ఛాసిస్‌కు పోతుంది. అక్కడి బోల్టు తుప్పు పడితే కరెంటు తిరిగి రాదు. బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి.

5. తీగలు ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయా? జాయింట్లు నల్లబడ్డాయా? స్టాండ్లు, క్యారియర్లు కొత్తగా బిగించిన చోట తప్పకుండా చూడండి.

పాలాయన బ్యాటరీ కొనలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. నీళ్లు ఉన్నాయి. ఎర్త్ గట్టిగా ఉంది. అప్పుడు మెకానిక్ మీటరు తీశాడు.

మీటరు చెప్పే మాట

"చెల్లెమ్మా, నేను చెప్పే అంకెలు నోటుబుక్కులో రాయి" అన్నాడు మెకానిక్.

మీటరుకు రెండు తీగలు ఉంటాయి. ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు పెట్టాలి. మీటరును డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టాలి. ముందు బ్యాటరీ మీద ఏం రాసి ఉందో చదవాలి. చాలావాటి మీద 12 వి అని ఉంటుంది. మరీ పాత బండ్లలో కొన్నిటికి 6 వి ఉంటుంది. ఇక్కడ చెప్పే అంకెలు 12 వోల్టులవి.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి చూడాలి. బండి నడిపి ఆపిన వెంటనే కాదు. కొన్ని గంటలు ఆగి చూస్తే సరైన అంకె తెలుస్తుంది.

12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు.
12.2 దగ్గర ఉంటే సగం ఉన్నట్టు.
12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు.

పాలాయన బ్యాటరీ 11.6 చూపింది. ఆమె రాసుకుంది.

రెండో పరీక్ష: మీటరు అలాగే ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. ఎక్సలేటర్ కొంచెం పెంచాలి.

అంకె పెరిగి 13.5 నుంచి 14.5 మధ్య నిలిస్తే ఛార్జింగు బాగున్నట్టు. అప్పుడు తప్పు బ్యాటరీది కావచ్చు.
అంకె అసలు పెరగకపోతే ఛార్జింగు అందడం లేదన్న మాట.
అంకె 15 దాటి పోతూ ఉంటే ఛార్జింగు ఎక్కువైందన్న మాట. అలుగు పనిచేయడం లేదు.

పాలాయన బండిలో ఎక్సలేటర్ పెంచినా అంకె 11.6 దగ్గరే ఉంది. కదల్లేదు.

"చూశావా తమ్ముడూ! చెరువుకు నీరు రావడం లేదు. ఇప్పుడు నువ్వు మూడో బ్యాటరీ వేసినా ఇదే గతి" అన్నాడు మెకానిక్.

వాగు నుంచి వెతుకుదాం

నీరు ఎక్కడ ఆగిందో తెలియాలంటే వాగు దగ్గర నుంచి కాలువ వెంట నడవాలి. మెకానిక్ అదే చేశాడు.

కాయిల్ నుంచి ఛార్జింగు కరెంటు తెచ్చే తీగ ఒకటి ఉంటుంది. పాలాయన బండిలో అది తెల్ల తీగ. అన్ని బండ్లలో ఒకే రంగు ఉండదు. మెకానిక్ ఇంజను ఆపి, ఆ తెల్ల తీగ జాయింటు విప్పాడు. మీటరును ఏ.సి. వోల్టుల దగ్గర పెట్టాడు. ఒక కొన ఇంజను వైపు ఉన్న తెల్ల తీగకు, ఇంకో కొన ఎర్త్‌కు పెట్టాడు. ఇంజను స్టార్టు చేశాడు. ఎక్సలేటర్ పెంచిన కొద్దీ అంకె పెరిగింది.

"కాయిల్ బాగుంది. వాగులో నీరు ఉంది" అన్నాడు.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఆ తీగ కొనను చేత్తో పట్టుకోకూడదు. షాకు కొట్టవచ్చు.

ఇంజను ఆపి జాయింటు మళ్లీ కలిపాడు. ఈసారి ఆర్.ఆర్. యూనిట్ దగ్గర అదే తెల్ల తీగను చూశాడు. ఇంజను నడుస్తున్నా అక్కడ కరెంటు లేదు!

అంటే కాయిల్ దగ్గర ఉంది. ఆర్.ఆర్. యూనిట్ దగ్గర లేదు. మరి మధ్యలో ఏముంది? ఒక జాయింటు, జానెడు తీగ.

మెకానిక్ జాయింటును వెలుతురులో పట్టి చూపించాడు. దాని ప్లాస్టిక్ తొడుగు కాలి నల్లబడింది. లోపల పిన్ను పచ్చగా చిలుము పట్టింది. పాలక్యాన్ల స్టాండు బిగించినప్పుడు దాని క్లాంపు కింద తీగ నలిగింది. బండి ఊగినప్పుడల్లా జాయింటు లాగినట్టయి వదులైంది. బండి కడిగిన నీళ్లు అందులోకి పోయాయి. వదులు జాయింటు వేడెక్కి కాలింది.

"ఈ చిన్న పిన్ను కోసమా నేను రెండు బ్యాటరీలు కొన్నది!" అన్నాడు పాలాయన.

మెకానిక్ కాలిన ముక్క కత్తిరించాడు. కొత్త పిన్ను వేసి నొక్కాడు. పైన తొడుగు ఎక్కించాడు. తీగను స్టాండుకు దూరంగా జరిపి కట్టాడు.

ఇంకా ఏవి చెడవచ్చు?

అందరి బండ్లలోనూ తప్పు ఒకే చోట ఉండదు. అందుకే వరసగా వెతకాలి.

ఎక్సలేటర్ పెంచినా కాయిల్ దగ్గరే కరెంటు రాకపోతే తప్పు కాయిల్‌ది, లేదా దాని తీగది. అప్పుడు ఇంజను పక్క మూత తీయాలి. అది మెకానిక్ పని.

ఆర్.ఆర్. యూనిట్ దాకా కరెంటు వస్తోంది. దాని ఎర్త్ బాగుంది. దాని నుంచి బ్యాటరీకి పోయే తీగ, ఫ్యూజు బాగున్నాయి. అయినా ఛార్జింగు లేదు. అప్పుడు ఆర్.ఆర్. యూనిట్ మార్చాలి.

బ్యాటరీ నీళ్లు మాటిమాటికీ తగ్గుతున్నా, బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతున్నా, బల్బులు తరచూ మాడుతున్నా ఛార్జింగు ఎక్కువైందేమో చూడాలి. అప్పుడు ముందు ఆర్.ఆర్. యూనిట్ ఎర్త్ చూడండి. అది బాగుంటే యూనిట్‌ను అనుమానించండి.

ఛార్జింగు బాగున్నా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. బ్రేకు స్విచ్చు ఇరుక్కుపోయి బ్రేకు లైటు ఆరకుండా ఉందేమో చూడండి. కొత్తగా పెట్టిన లైట్లు, లారీ హారన్లు కూడా తీసి చూడండి. చిన్న వాగు మీద పది మడుల పంట పండించవచ్చు. వంద మడులు వేస్తే అన్నీ ఎండుతాయి.

మరి ఆ బ్యాటరీ?

మెకానిక్ పాలాయన బ్యాటరీని పారేయలేదు. దుకాణంలో ఛార్జింగుకు పెట్టాడు. చిన్న బ్యాటరీని నెమ్మదిగా ఛార్జి చేయాలి. దాని మీద 2.5 ఏ.హెచ్. అని ఉంటే పావు ఆంపియరు చాలు. తొందరపడి ఎక్కువ ఇస్తే పలకలు చెడతాయి.

మర్నాడు బ్యాటరీ 12.6 చూపింది. బండికి పెట్టి ఇంజను నడిపితే 14.1 చూపింది. ఆమె ఈ రెండు అంకెలూ పాత అంకెల కింద రాసుకుంది.

"నీ అదృష్టం తమ్ముడూ. ఇంకో నెల అలాగే ఖాళీగా ఉంచితే ఇది నిజంగానే చచ్చేది. ఖాళీ బ్యాటరీలో పలకల మీద తెల్లటి గట్టి పొర కడుతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా ఎక్కదు. నీ మొదటి బ్యాటరీ అలాగే పోయి ఉంటుంది" అన్నాడు మెకానిక్.

ఛార్జి చేసి ఒక రాత్రి ఉంచినా 12 దాటకపోతే, లేదా హారను నొక్కగానే అంకె దబ్బున పడిపోతే బ్యాటరీ పోయినట్టే. అప్పుడు కొనక తప్పదు. కొత్తది కొన్నప్పుడు ఒక సంగతి అడగండి. యాసిడ్ పోసే రకం అయితే, పోసిన వెంటనే బండికి పెట్టనివ్వకండి. మొదట దుకాణంలో పూర్తిగా ఛార్జి చేయించండి. ఇలా చేయకపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టకండి. దానిలో సీసం ఉంటుంది. సీసం విషం. అది ఒంట్లోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇవ్వండి.

జాగ్రత్తలు

బ్యాటరీ యాసిడ్ ఒంటిని కాలుస్తుంది. చర్మం మీద పడితే వెంటనే చాలా నీళ్లతో కడగండి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయండి. తర్వాత ప్లస్ తీయండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగలు ఊడదీయకండి. తీగలు తాకించి నిప్పురవ్వ వస్తుందా అని చూడకండి. బల్బులు, ఆర్.ఆర్. యూనిట్ పోవచ్చు.

మూసిన గదిలో ఇంజను నడపకండి. పొగలో ప్రాణం తీసే వాయువు ఉంటుంది.

మలుపు దగ్గర

మూడో రోజు తెల్లవారుజామున పాలాయన మళ్లీ బయలుదేరాడు. మలుపు దగ్గరికి రాగానే హారను నొక్కాడు. ఊరంతా వినపడేలా మోగింది. గేదెతో వస్తున్న ముసలాయన పక్కకు జరిగి చెయ్యి ఊపాడు.

ఇంట్లో ఆమె నోటుబుక్కులో పాల లెక్కల వెనక పేజీలో కొత్త లెక్క మొదలుపెట్టింది. నెలకోసారి మీటరు పెట్టి చూడాలి. ఇంజను ఆపితే ఎంత, నడిపితే ఎంత అని రాయాలి. అంకె తగ్గుతుంటే హారను మూగబోకముందే తెలిసిపోతుంది.

గుర్తుంచుకోండి

బ్యాటరీ దిగిపోతే వెంటనే కొత్తది కొనకండి. ఎందుకు దిగిందో వెతకండి.
ముందు కళ్లతో చూడండి. తర్వాత మీటరుతో చూడండి.
ఇంజను ఆపితే 12.6. నడిపితే 13.5 నుంచి 14.5. ఈ అంకెలు రాసి పెట్టుకోండి.
ఖర్చు లేని పని ముందు, ఖర్చయ్యే పని చివర.

మీరు చెప్పండి

1. బ్యాటరీ ఖాళీ అయినా పాలాయన బండి ఎందుకు నడిచింది?
2. బండిలో అలుగు లాంటిది ఏది? అది చెడితే ఏమవుతుంది?
3. మీ బండి బ్యాటరీ మీద, ఫ్యూజు మీద ఏ అంకెలు ఉన్నాయి? చదివి రాయండి.